గోగునార పలకలు వానాకాలంలో ఉబ్బిపోతున్నాయి, ఎవరైనా దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా. నాన్నగారి కాలం నుంచి గోగు వేస్తున్నాం, చెరువులో ఊరబెట్టి తీసిన నార గోనెసంచుల మిల్లుకు వెళ్లేది. ఇప్పుడు కొనేవాళ్లు తగ్గారు, అందుకని నేనూ తమ్ముడూ ఆ నారనే అచ్చులో పరిచి, పాలిస్టర్ రెజిన్ (పోశాక గట్టిపడే జిగురులాంటి ద్రవం) పోసి కుర్చీ సీట్లు, తలుపు పలకలు చేస్తున్నాం. ఇలాంటి పలకల్లో మామూలుగా వాడే గాజునార (ఫైబర్‌గ్లాస్) ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములు తూగితే మన నార 1.5 దగ్గరే, కోసేటప్పుడు ఒళ్లు దురద పెట్టదు కూడా.

ఎండాకాలంలో చేసినవి గట్టిగానే ఉన్నాయి. జులైలో చేసినవి మాత్రం నెల తిరక్కుండానే అంచుల దగ్గర ఉబ్బాయి. ఒకదాన్ని రంపంతో కోసి చూస్తే పోగు చుట్టూ సన్నటి ఖాళీ, గోటితో లాగితే పోగు జారి వచ్చేసింది, దానికి రెజిన్ అంటిన జాడే లేదు! నారలో ఉండే సెల్యులోజ్ అనే పదార్థం తేమ పీలుస్తుందని చదివి 5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాం. కొంత నయం, పూర్తిగా పోలేదు.

నానబెట్టడం ఎన్ని గంటలు సరిపోతుంది, ఎక్కువైతే పోగు బలం తగ్గుతుందా? రెజిన్ పోసే ముందు నారను ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఆరబెడితే చాలా? కోసిన అంచులకు రెజిన్ పూత వేస్తే ఆగుతుందా? రెజిన్ బదులు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను వేడికి కరిగించి నారతో కలిపి ప్రెస్ చేయమని ఒకరన్నారు, కానీ 200 డిగ్రీలు దాటితే నార మాడుతుంది కదా, చిన్న యూనిట్‌లో అది కుదిరే పనేనా? ఆర్డర్ చేతిలో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. స్వయంగా చేసినవాళ్లు చెబితే మేలు, కావాలంటే ముక్కలు కొరియర్ చేస్తాను.