నరాలు మళ్లీ పెరిగే వైద్యం కోసం ఎదురుచూడొచ్చా? ట్రయల్స్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు 62 ఏళ్లు, 15 ఏళ్లుగా షుగర్. అరికాళ్లలో స్పర్శ పోయింది. మొన్న శెనక్కాయ చేన్లోంచి ఇంటికొస్తే ఎడమకాలి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలీదు. మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. గచ్చు మీద రక్తం చూసి అమ్మ అరిస్తే గానీ కాలు చూసుకోలేదు. ముల్లు దిగినా తెలియని ఆ కాళ్లే రాత్రయితే మంటలు, నిద్ర ఉండదు.

ప్రిగాబలిన్ వాడుతున్నాం. అది మంట తగ్గిస్తుందే తప్ప నరాన్ని బాగుచేయదని డాక్టర్ ముందే చెప్పారు. 2025 జనవరిలో అమెరికాలో సుజెట్రిజిన్ అనే కొత్త మందుకు అనుమతి వచ్చింది కదా, అదీ నొప్పి మందే. షుగర్ నరాల నొప్పికి ఇంకా పరీక్షల్లోనే ఉంది.

ఈలోపు ఒకచోట మూడు స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లకు లక్షన్నర అడిగారు. పరిశోధన అంటారు, మళ్లీ డబ్బు మనల్నే కట్టమంటారు! నాయనేమో పాడి ఆవుల్ని అమ్మేద్దామంటున్నాడు.

బెంగళూరులో గానీ హైదరాబాద్‌లో గానీ నరాన్ని తిరిగి పెంచే మందుల ట్రయల్‌లో ఎవరైనా చేరారా? సీటీఆర్ఐలో (మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్టర్ నంబర్ ఉంటే నమ్మొచ్చా, ఇంకేమైనా చూసుకోవాలా? పుండు పడినవాళ్లను తీసుకుంటారా? ఆవుల బేరగాడు ఆదివారం వస్తానన్నాడు, అంతకుముందే ఎవరైనా చెబితే మేలు.