అప్‌డేట్: సీసాల్లో గ్యాస్ పట్టని పేల్ ఏల్ బీరు, సమస్య తీరింది

ఇక్కడ డెట్రాయిట్ చలికాలంలో ఇంట్లో కాచిన పేల్ ఏల్‌కు సీసాల్లో పోశాక గ్యాస్ పట్టడం లేదని అడిగాను కదా, ఇప్పుడు బాగా పట్టింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది వెచ్చటి చోటికి మార్చమన్న సలహానే. బేస్‌మెంట్‌లో థర్మామీటర్ పెట్టి చూస్తే 13 డిగ్రీల సెల్సియస్! ఆ చలికి ఏల్ ఈస్ట్ మందగించి, అది గ్యాస్‌గా మార్చాల్సిన చక్కెర అలాగే మిగిలిపోతుంది. ఒక్కో సీసానూ మెల్లగా తలకిందులు చేసి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ను కదిపి, 21 డిగ్రీలుండే గదిలో అట్టపెట్టెలో పెట్టాను. నిన్న మూత తీయగానే 'టుస్స్'మంది, గ్లాసులో తెల్లటి నురగ వేలెడు మందాన నిలిచింది. ఎంత సంతోషమేసిందో!

మూతలు లీకవుతున్నాయేమోనన్న అనుమానం, మళ్లీ ఈస్ట్ వేయాలన్న ఆలోచన రెండూ అక్కర్లేకపోయాయి. చక్కెర మాత్రం అదనంగా కలపకండి, వెచ్చబడ్డాక సీసాలు పేలే ప్రమాదం ఉంది.