అప్‌డేట్: మా ఉమ్మడి పబ్బులో కచేరీల మోత పక్కింటికి వినబడే సమస్య తీరింది

లండన్‌లో మా పేటవాసులం వాటాలు వేసుకుని నడుపుకుంటున్న పబ్బులో శనివారం కచేరీల బాస్ (లోతైన మంద్ర ధ్వని) మోత గోడ అవతలి ఇంటిని అదరగొడుతోందని, సంగీతానికి వేరే అనుమతి కావాలేమోనని మూడు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీ సలహాల్లో పని చేసినది స్పీకరు కింద రబ్బరు దిమ్మెలు వేయమన్నదే. మేము పిలిపించిన శబ్ద నిపుణుడు పక్కింట్లో కూడా కొలతలు తీసి, బోలుగా ఉన్న చెక్క వేదిక ఉమ్మడి గోడకు ఆనుకుని ఉండటం వల్ల, దానిపై పెట్టిన సబ్‌ఊఫర్ (బాస్‌ను వినిపించే స్పీకరు) ప్రకంపనలు గాలిలో కంటే చెక్క దూలాల గుండానే ఎక్కువగా అవతలికి పోతున్నాయని తేల్చారు. సబ్‌ఊఫర్‌ను ఎదుటి మూలకు మార్చి, కింద మందపాటి రబ్బరు దిమ్మెలు వేశాము. ఆ తరువాత ఫిర్యాదు రాలేదు. గోడకు నురగ పలకలు అంటించడం వృథా ఖర్చయింది, ఎందుకంటే అవి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయే గాని బాస్‌ను ఆపవు.

అనుమతి గురించిన నా భయం అనవసరమైనది. 2012 నాటి లైవ్ మ్యూజిక్ చట్టం, తరువాతి సవరణల ప్రకారం, అక్కడే తాగేందుకు మద్యం అమ్మే లైసెన్సున్న చోట ఉదయం 8 నుండి రాత్రి 11 వరకు, శ్రోతలు 500 మందికి మించకపోతే, మైకు కచేరీకి వేరే అనుమతి అక్కరలేదు. అయితే ఫిర్యాదులపై లైసెన్సును సమీక్షిస్తే కౌన్సిల్ ఈ వెసులుబాటును తొలగించవచ్చు.

ఖర్చును సభ్యుల సమావేశంలో ఓటుకు పెట్టాము. అందరికంటే ఎక్కువ వాటాలున్న పెద్దమనిషి గట్టిగా వ్యతిరేకించారు గాని, మా సంఘంలో ఎన్ని వాటాలున్నా ఒక్కరికి ఒక్క ఓటే.