డీబీలో పొట్టి న్యూట్రల్: అతుకేయొచ్చా, వైరు మార్చాల్సిందేనా?

డీబీ_తలనొప్పి:
పాత డీబీలో (ఇంటి కరెంటును సర్క్యూట్లకి పంచే పెట్టె) ఎంసీబీలు, అంటే ఓవర్‌లోడ్‌కీ షార్ట్‌కీ ఆపే బ్రేకర్లు తీయించి, లీకేజీకి కూడా ఆపే ఆర్‌సీబీవోలు పెట్టిస్తున్నాను. ఎంసీబీకి ఫేజ్ ఒక్కటే వచ్చేది, న్యూట్రల్ నేరుగా కింద లింక్‌కి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) పోయేది. ఆర్‌సీబీవోకి ఆ సర్క్యూట్ న్యూట్రల్ కూడా బ్రేకర్‌లోంచే పోవాలి. అప్పట్లో వైర్లు లింక్ దాకా సరిపోయేట్టు కత్తిరించేశారు, ఇప్పుడు బెత్తెడు తక్కువ. అతుకేస్తానని ఎలక్ట్రీషియన్, డీబీలో జాయింట్ ఉండకూడదని మా బావ. ఎవరి మాట వినాలి?

జాయింట్_వద్దు:
మీ బావ మాటే. న్యూట్రలే కదా అని చులకన చేస్తారు గానీ, ఫేజ్‌లో పోయిన కరెంటంతా తిరిగొచ్చేది దాంట్లోనే. 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటరంటే దాదాపు 8.7 ఆంపియర్లు. వదులు జాయింట్‌లో 0.1 ఓమ్ ఉన్నా చాలు, గోరంత చోట దాదాపు 7.6 వాట్ల వేడి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటొకటి విప్పితే టేపు బెల్లం పాకంలా చేతికంటుకుంది, లోపల రాగి నల్లబడిపోయింది. కొత్త వైరు లాగించండి.

టెస్టర్_జేబులో:
అన్నా, అది మెలిక తప్పు, జాయింట్ తప్పు కాదు. అమెరికా వైరింగ్ కోడ్‌లో 312.8 చూడండి. పెట్టెలో చోటుంటే అతుకుల్ని ఒప్పుకుంటుంది, అడ్డంగా ఎక్కడ చూసినా వైర్లూ జాయింట్లూ కలిసి 75 శాతం చోటు దాటకూడదంతే. మీ దగ్గర వేరే నిబంధన ఉంటే అదే ఖాయం అనుకోండి.
పాత వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే ముక్క కూడా 2.5 రాగిదే, న్యూట్రల్ రంగుదే. లివర్ కనెక్టర్ (చిన్న మీటతో వైరును పట్టేసేది) గానీ క్రింప్ (పనిముట్టుతో నొక్కి బిగించే గొట్టం) గానీ వాడాలి. కనెక్టర్ మీద ఎంత చూపించారో అంతే ఒలిచి, బిగించాక గట్టిగా గుంజి చూడాలి. చేతికొస్తే మళ్లీ మొదటికి.
ఇక కొత్త వైరంటారా, కిక్కిరిసిన పాత పైపులో లాగితే పక్క వైరు ఇన్సులేషన్ ఒరుసుకుపోవచ్చు. అది గోడలో ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఈ జాయింట్ మూత తీస్తే కనపడుతుంది.

జాయింట్_వద్దు:
పైపు సంగతి ఒప్పుకుంటా. కానీ అలా గుంజి చూసేవాళ్లు ఎందరు? నా భయమల్లా అదే.

మల్టీమీటర్:
ఇద్దరూ ఏ న్యూట్రల్ అన్నది వదిలేశారు. సర్క్యూట్ నుంచి బ్రేకర్‌కి వచ్చేది ఒకటి, లింక్ నుంచి బ్రేకర్‌కి వెళ్లేది ఇంకొకటి. మొదటిదాని అతుకు ఊడితే ఆ సర్క్యూట్ పనిచేయదు, కానీ వైర్లలో కరెంటుంటుంది, జాగ్రత్త. రెండోది ఊడితే ఇంకా ప్రమాదం. చాలా ఆర్‌సీబీవోల్లో లీకేజీ పట్టే ఎలక్ట్రానిక్స్‌కి ఆ న్యూట్రలే ఆధారం, అది తెగితే లీకేజీకి ట్రిప్ కాకపోవచ్చు. అందుకే దాంట్లో అతుకు వద్దు, ఒకే ముక్క వేయండి.
అసలు ఆ బ్రేకర్‌ని వైరు అందే చోటికి జరపడం కుదరదా? ఫేజ్ కూడా అందాలి మరి.
ఇంకోటి, రెండు సర్క్యూట్లకి ఒకే న్యూట్రల్ వాడారేమో చూడండి. అలా ఉంటే ఎంత చక్కటి జాయింటేసినా లోడ్ పడగానే ట్రిప్పవుతుంది. ఫేజ్‌లో పోయిన కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే చాలు దానికి.

డీబీ_తలనొప్పి:
మెయిన్ ఆపి, సరఫరా లేదని మీటర్‌తో చూసుకుని విప్పించాను. ఒక బ్రేకర్ జరిపితే అందింది. రెండింటికి లివర్ కనెక్టర్లు పడ్డాయి. మా బావ స్వయంగా గుంజి చూశాడు. నాలుగోదానికి మల్టీమీటర్ గారు అన్నట్టే అయింది: హాల్ లైట్లూ బెడ్‌రూమ్ ఫ్యానూ ఒకే న్యూట్రల్ మీద ఉన్నాయి. ఆ రెండు సర్క్యూట్లనీ ప్రస్తుతానికి పాత ఎంసీబీల మీదే ఉంచాం. ఆ రెంటినీ విడదీయడానికి వైరు లాగక తప్పేట్టు లేదు.

జాయింట్_వద్దు:
లాగేటప్పుడు డీబీలో ఒక జానెడు ఎక్కువే వదలమనండి.