పశువుల అరుపులకు ఇంగ్లీష్ మాటలు: క్లాసు చార్టు కోసం

ప్రశ్న (హన్మకొండ): సార్లూ, నాలుగో తరగతి పిల్లలకు చార్టు రాస్తున్న. ఆవు, గొర్రె, మేక, కోడి అరుపులను ఇంగ్లీష్‌ల ఏమంటరు?

రిప్లై: ఆవుకు ‘మూ’. ఆబోతు రంకె వేస్తే ‘బెల్లో’. గొర్రెకు, మేకకు ‘బ్లీట్’ సరిపోతది మేడం.

రిప్లై: కోడి దగ్గరనే తప్పులెక్కువ. పుంజు ‘క్రో’, పెట్ట మామూలుగ ‘క్లక్’, గుడ్డు పెట్టినంక గోల చేస్తే ‘క్యాకిల్’, పిల్లలు ‘చీప్’. కోడి అని ఒక్క గడి గీస్తే ఇవన్నీ కలిసిపోతయి. నాలుగు గడులు పెట్టుండ్రి, పక్కన బొమ్మ తప్పకుండ ఉండాలె. బాతు ‘క్వాక్’, గాడిద ‘బ్రే’.

రిప్లై: పంది మామూలుగ ‘గ్రంట్’, బెదిరితే ‘స్క్వీల్’. మాటలొక్కటే కాదు, వాక్యాలు గూడ రాయించుండ్రి: ‘ఎ హెన్ క్లక్స్’, ‘హెన్స్ క్లక్’. ఒక్కటుంటే క్రియకు ఎస్ వస్తది, ఎక్కువుంటే రాదు. పిల్లలకు మార్కులు పోయేది ఆడనే.