ఆస్పత్రి సమాచార వ్యవస్థ: సొంత సర్వరా, క్లౌడా?

కొబ్బరితోట:
కోనసీమలో ఒక ట్రస్టు నడిపే వంద పడకల ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఓపీ నమోదు, ల్యాబు, మందుల కౌంటరు, బిల్లింగు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, మెట్ల కింది గదిలో ఉన్న పాత సర్వర్ మీద నడుస్తున్నాయి. దానికి కాలం చెల్లింది. కొత్తది కొని అక్కడే పెట్టాలని కొందరు ట్రస్టు సభ్యులు, అంతా క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే అద్దె సర్వర్లకు మార్చాలని మరికొందరు పట్టుబడుతున్నారు. ఐటీ విభాగమంటే నేనూ, మరో కుర్రాడూ. ఇకపై ఎక్స్‌రే, సీటీ చిత్రాలు కూడా ఇందులోకే రావాలి. అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

మేఘమాల:
ఇద్దరే ఉన్నచోట సొంత సర్వర్ జోలికి వెళ్ళవద్దని నా గట్టి అభిప్రాయం. డిస్కు పోతే మార్చడానికి, సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే ప్యాచ్‌లు వేయడానికి, యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బాయేమో చూడడానికి మనిషి కావాలి. ఆ మనిషి పెళ్ళికని ఊరెళ్ళిన రోజే సర్వర్ మొరాయిస్తుంది. అమెజాన్ 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాదులో క్లౌడ్ రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) తెరిచింది కనుక డేటా దేశం దాటుతుందన్న అభ్యంతరానికీ ఇప్పుడు బలం లేదు. అదే నెల 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) బారిన పడి, చాలా రోజులు నమోదులన్నీ చేతిరాతతో సాగాయి. అంత పెద్ద సంస్థకే సొంత సర్వర్లను కాపాడుకోవడం కష్టమైనప్పుడు మెట్ల కింది గది ఎంత?

రాగితీగ:
మేఘమాల గారు ఇంటర్నెట్ తెగదని అనుకుని రాస్తున్నట్టుంది. మా ఊళ్ళో రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ ఒకే నెలలో రెండుసార్లు ఫైబర్‌ను తెంపింది. అందులో ఒకటి సోమవారం ఉదయం పదకొండింటికి, అంటే ఓపీ వరండా దాకా నిండిపోయే వేళ. ఆస్పత్రి లోపలి కంప్యూటర్లను కలిపే లాన్ మాత్రం చెక్కుచెదరలేదు కాబట్టి మా సర్వర్ పని చేస్తూనే ఉంది. పైగా ఒక్క సీటీ పరీక్షే వందల మెగాబైట్లు ఉంటుంది. డాక్టరు పాత స్కాను అడిగిన ప్రతిసారీ దాన్ని హైదరాబాదు నుంచి రప్పించుకోవడం, బయటికి తీసిన డేటాకు మళ్ళీ విడిగా డబ్బు కట్టడం నాకు వివేకంగా తోచడం లేదు.

మేఘమాల:
దానికి రెండో కంపెనీ లైను ఒకటి, 4జీ రూటరు ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది.

కాపలాదారు:
రెండు వైపులా నిజం ఉన్నా, ప్రశ్నే పక్కదారి పట్టిందని నాకనిపిస్తోంది. ఎయిమ్స్ ఉదంతాన్నే చూడండి. నెట్‌వర్కును సరైన భాగాలుగా విడదీయకపోవడం వల్లే దాడి సాధ్యమైందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే అక్కడి ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లోని డేటా తిరిగి వచ్చింది. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా ఆ ప్రాంగణంలోనే ఉంచుకున్న ఖాతాదారులు సర్వం పోగొట్టుకున్నారు. ఒకటి సొంత చోటు, ఇంకొకటి అద్దె చోటు. రెండు చోట్లా నిలబెట్టింది, ముంచింది బ్యాకప్ సంగతే.

నా సొంత తప్పు కూడా చెబుతాను. ఒక క్లినిక్‌లో పదకొండు నెలలు రోజూ రాత్రి బ్యాకప్ నడిచింది, డ్రైవు మీద పచ్చదీపం మినుకుమినుకుమంటూనే ఉంది. డిస్కు పోయిన రోజు తెరిచి చూస్తే ఫైళ్ళన్నీ సున్నా బైట్లు! డ్రైవు నిండిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరూ చూడలేదు, నాతో సహా.

కాబట్టి ట్రస్టును ముందు అడగవలసింది ఇది: వ్యవస్థ ఆగితే ఎన్ని గంటలు ఓర్చుకోగలం, ఎన్ని గంటల నమోదులు పోయినా కాగితం చూసి తిరిగి ఎక్కించుకోగలం? క్లౌడ్ కంపెనీ 99.9 శాతం సమయం నడుస్తుందని ఇచ్చే హామీ అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చనే అర్థం, అంతకు మించితే దక్కేది సాధారణంగా బిల్లులో కొంత తగ్గింపే. చట్టం సంగతి కూడా మరవకండి: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం, పని క్లౌడ్ కంపెనీకి అప్పగించినా రోగుల డేటాకు బాధ్యత ఆస్పత్రిదే.

నన్నడిగితే చిత్రాలను ఆస్పత్రిలోనే ఉంచి, వాటి నకలును రాత్రిపూట క్లౌడ్‌కు పంపుతాను. నమోదులు, బిల్లులు క్లౌడ్‌లో పెడతాను; లైను తెగినప్పుడు వాడడానికి ముందే నంబర్లు అచ్చేసిన ఓపీ చీటీల కట్ట కౌంటరులో సిద్ధంగా ఉంచుతాను. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను వేరే యంత్రంలో రిస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో రాసి పెడతాను.

రాగితీగ:
చిత్రాల వరకు ఒప్పుకుంటాను. నమోదులు క్లౌడ్‌లో అన్నదానికి ఇప్పటికీ ఒప్పుకోను. రోజుకు వందల చీటీలను సాయంత్రం కూర్చుని మళ్ళీ ఎక్కించే అమ్మాయిని ఒక్కసారి అడిగి చూడండి.

కొబ్బరితోట:
అడిగానండి. గంట వరకైతే చీటీలతో నెట్టుకొస్తామని, అది దాటితే మందుల కౌంటరు దగ్గర గొడవలు మొదలవుతాయని చెప్పింది. అందుకే రెండో లైను లేకుండా నమోదులను కదిలించబోమని సభ్యులకు చెప్పాను, ఒప్పుకున్నారు. చిత్రాల సర్వర్ మాత్రం ఇక్కడే ఉంటుంది. వచ్చే ఆదివారం పాత బ్యాకప్‌ను ఒక ఖాళీ కంప్యూటరులో రిస్టోర్ చేసి చూడబోతున్నాం.

కాపలాదారు:
మంచిది. ఆ మెట్ల కింది గదిలో ఏసీ జనరేటర్ లైను మీద ఉందా, లేక కరెంటుతో పాటే ఆగుతుందా?