లారా విఆర్ఎస్‌కి అల్యూమినియం మానిఫోల్డ్ వేయించాలా, వద్దా?

ఖమ్మం_విఆర్ఎస్
అందరికీ నమస్కారం. నాది 2012 స్కోడా లారా విఆర్ఎస్ కారు, 1.8 టీఎస్ఐ పెట్రోల్ ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్. 1,14,000 కిలోమీటర్లు తిరిగింది. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) తప్ప ఇంజన్‌లో వేరే మార్పు లేదు. వాల్వుల మీద మసి తీయించడానికి వచ్చే నెల ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే భాగం) ఎలాగూ విప్పుతున్నాం. విప్పినప్పుడే ప్లాస్టిక్‌ది పక్కన పెట్టి, బయట దొరికే అల్యూమినియంది బిగించుకోమని షెడ్డులో అంటున్నారు. దాని ప్లీనం (గాలి నిండే అర) పెద్దది, లోపల ఫ్లాపులు ఉండవు, పికప్ పెరుగుతుందట. అన్నీ కలిపి లక్ష దాకా అవుతుంది. వేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

గుంటూరు_పాతబండి
వద్దు తమ్ముడూ. ఆ బండిలో ఉన్నది కె03 టర్బో, చిన్నది. 160 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్ కోసం పెట్టారు. 1500 ఆర్‌పీఎం నుంచే టార్క్ ఇస్తుంది గానీ 5500 దాటాక దానికి ఊపిరి ఆడదు. పొట్టి రన్నర్లు (ప్లీనం నుంచి సిలిండర్లకెళ్లే గొట్టాలు), పెద్ద ప్లీనం పనికొచ్చేదేమో సరిగ్గా ఆ పైనే. బోరులో నీళ్లు లేనప్పుడు పైపు రెండంగుళాలదైతేనేం, నాలుగంగుళాలదైతేనేం?

ఫ్లాపులు కూడా ఊరికే పెట్టలేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, లోడు తక్కువ ఉన్నప్పుడు అవి పోర్టులో సగం దారి మూసి గాలిని సుడి తిప్పుతాయి. పెట్రోలు గాలిలో బాగా కలుస్తుంది. అవి తీసేస్తే పొద్దున్నే ఐడిల్ తడబడుతుంది. ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) వాటిని ఆపేయకపోతే చెక్ ఇంజన్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

మణికొండ_టర్బో
వేయించండి. నేను వేయించి రెండేళ్లయింది. 4500 తర్వాత బండి లాగే తీరే మారిపోయింది. ఫ్లాపులు లేకపోతే ఐడిల్ పాడవుతుందన్నది ట్యూనింగ్ సరిగా చేయనివాళ్ల మాట. డిసెంబర్‌లో కూడా నా బండి పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్టవుతుంది, వణకదు.

డల్లాస్_జీటీఐ
ఇక్కడ అమెరికాలో 2.0 టీఎస్ఐ నడిపేవాళ్లలో పి2015 కోడ్ పేరు విననివాళ్లు తక్కువ. అది ఫ్లాపుల పొజిషన్ సెన్సర్ కోడ్. లివర్ అరిగితే ఫ్లాపు ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకాస్త తిరుగుతుంది. మానిఫోల్డ్ వారంటీని కంపెనీయే 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పొడిగించింది. విప్పాక ఫ్లాపుల షాఫ్ట్‌ని చేత్తో ఊపి చూడండి. ఆడుతుంటే కొత్త ఒరిజినల్ వేయండి, ఆడకపోతే అదే బిగించేయండి.

ఆర్‌సీ_బుక్కు
ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా. ఇదీ చూసుకోండి.

గుంటూరు_పాతబండి
మణికొండ గారూ, బూస్ట్ గేజ్ (టర్బో తోసే గాలి ప్రెషర్ చూపించేది) ఉందా మీ బండికి? 6000 దగ్గర ముందెంత చూపించేది, ఇప్పుడెంత?

మణికొండ_టర్బో
ముందు 1.1 బార్, ఇప్పుడు 1.0. అడుగుతారని తెలుసు. తగ్గడమే మంచిది. ఇంజన్ మింగలేక ఆగిపోయిన గాలే గేజ్‌లో ప్రెషర్‌గా కనపడుతుంది. కాలవలో అడ్డుకట్ట తీసేస్తే నీటిమట్టం తగ్గుతుంది, పారుదల తగ్గదు కదా.

గుంటూరు_పాతబండి
లీకున్నా మట్టం తగ్గుతుంది. స్మోక్ టెస్ట్ (పొగ పంపి లీకు వెతకడం) చేయించారా?

మణికొండ_టర్బో
లీకుంటే బండి ఇలా లాగదు. ప్రెషర్ వేరు, లోపలికెళ్లే గాలి వేరు. టర్బో బళ్ల గురించి ముందు తెలుసుకోవాల్సింది అదే. గేజ్‌లో ముల్లు చూసి బండి బాగోగులు చెప్తామంటే ఎలా?

గుంటూరు_పాతబండి
స్మోక్ టెస్ట్ చేయించారా, లేదా? అవునో కాదో చెప్పండి.

ఇంకో మాట. 1.1 బార్ అంటున్నారు. మీది కె03 కాదు, కె04 కదా? ఆ మాట ఈయనకి చెప్పలేదేం? పెద్ద టర్బోకి పనికొచ్చింది చిన్న టర్బోకి పనికొస్తుందని లక్ష ఖర్చు పెట్టిస్తారా?

వేడి సంగతి కూడా చెప్తా. మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పావుగంట ట్రాఫిక్‌లో నిలబడి బానెట్ ఎత్తండి. ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టగలరు, అల్యూమినియం మీద పెట్టలేరు. లోపలికెళ్లే గాలి 40 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే సాంద్రత 6 శాతం పడిపోతుంది. రెండింటికీ 273 కలిపి కెల్విన్‌లోకి మార్చి, 313ని 333తో భాగించి చూసుకోండి.

మణికొండ_టర్బో
కె04 అని నా పాత పోస్టుల్లో పది చోట్ల ఉంది, దాచిందేమీ లేదు. బండి కదిలాక గాలి ఆ మానిఫోల్డ్‌లో రెప్పపాటు కూడా ఉండదు, ఆలోపు 20 డిగ్రీలు ఎక్కడ వేడెక్కుతుంది? వేడే భయమైతే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) మార్చుకోమనండి, ఒప్పుకుంటా. మీరు మాత్రం ఎవరు ఏ పార్టు గురించి అడిగినా వద్దనే అంటారు. మూడేళ్ల నుంచి చూస్తున్నా.

వరంగల్_మాన్యువల్
అన్నా, ఇద్దరూ జర ఆగుండ్రి. అడిగినాయన కనపడ్తనే లేడు.

గుంటూరు_పాతబండి
వద్దనే అంటాను. ఎందుకో చెప్తా, వినండి.

నాకూ ఇదే బండి ఉండేది. ఒక షెడ్డులో ఇదే రకం మానిఫోల్డ్ వేయించాను. ఈ ఇంజన్‌లో మానిఫోల్డ్ లాగితే ఇంజెక్టర్లు దాంతో పాటు ఊడి వచ్చేస్తుంటాయి. వాటి మొనకి గోరంత టెఫ్లాన్ రింగు ఉంటుంది. ఇంజెక్టర్ బయటికొస్తే రింగు కొత్తది వేయాల్సిందే. వాళ్లు పాతవే వేసి బిగించేశారు. మూడు వారాలకి మూడో సిలిండర్ మిస్‌ఫైర్. మళ్లీ విప్పితే ఇంజెక్టర్ చుట్టూ నల్లటి మసి చార. సరే, నా ఒరిజినల్ మానిఫోల్డ్ ఇవ్వండి, తిరిగి వేసేద్దాం అన్నాను. పాత సామానుతో తూకానికి వేసేశాం అన్నారు. ప్లాస్టిక్ కింద, తూకానికి! కొత్తదానికి నాలుగు నెలలు తిరిగాను. ఆ లోపు ఆగి ఆగి నడిచిన బండిని చూసి ఎవరికీ నమ్మకం కుదరక, వచ్చిన రేటుకి ఇచ్చేశాను.

మణికొండ_టర్బో
బాధగానే ఉంది అన్నా. కానీ అది రింగు మార్చనివాడి తప్పు. మానిఫోల్డ్ చేసిన పాపమేంటి?

గుంటూరు_పాతబండి
తప్పెవరిదని నేను అడగట్లేదు. ఆ బళ్లు ఇంక తయారవవు. కంపెనీ ఎలా ఇచ్చిందో అలా ఉన్నవి ఏటా తగ్గిపోతున్నాయి. ఈయన దగ్గర ఒకటి ఉంది. అది కూడా పోతుందే అని నా ఏడుపు.

మణికొండ_టర్బో
ఇదీ అసలు సంగతి. మొదట్లోనే చెప్పి ఉంటే బార్‌ల లెక్కలతో రెండు రోజులు కొట్టుకునేవాళ్లం కాదు. నా మాటా వినండి. నా బండిని నేను ఏడాదికి రెండుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తాను. జీతంలో మిగిల్చి ఒక్కో పార్టూ కొన్నాను. బండిని దాచిపెట్టుకోవడం మీకు ప్రేమైతే, దాని సత్తా ఎంతో చూడటం నాకు ప్రేమ. అది పాడు చేయడం అంటే మాత్రం ఒప్పుకోను.

గుంటూరు_పాతబండి
మీ బండి మీ ఇష్టం. ఒరిజినల్ మానిఫోల్డ్ ఇంట్లో ఉంచారా మరి?

మణికొండ_టర్బో
అటక మీద ఉంది. పోర్టులకి గుడ్డలు కుక్కి, కవరు చుట్టి పెట్టాను.

ఖమ్మం_విఆర్ఎస్
ఆలస్యానికి క్షమించండి, నిన్ననే విప్పించాం. దగ్గరే నిలబడి చూశాను. నాలుగో పోర్టులోకి టార్చి వేస్తే వాల్వు కాడ (స్టెమ్) కనపడలేదు, తారు పూసి ఎండబెట్టినట్టుంది. అక్రోట్ పెంకుల పొడితో ఒక్కో పోర్టుకి పావుగంట కొట్టాక లోహం తేలింది. ఫ్లాపుల షాఫ్ట్ ఊపి చూశాను, వదులు లేదు. పాత మానిఫోల్డే వేయించాను. గాస్కెట్, నాలుగు రింగులు కొత్తవి, ప్యాకెట్లు నా ముందే చింపారు.

ఒక సంగతి ముందే చెప్పాల్సింది. ఆ బండి మా నాన్న కొన్నది. ఆయన తోలినప్పుడు ఎలా ఉండేదో అలా కావాలి నాకు. షెడ్డులో ఎక్కువ పికప్ అనేసరికి ఆశపడ్డాను.

గుంటూరు_పాతబండి
మంచి పని చేశావు తమ్ముడూ. ఎప్పుడైనా ఖమ్మం వస్తే ఒకసారి చూపించు. తోలను, స్టార్ట్ చేసి వింటాను, చాలు.

మణికొండ_టర్బో
అన్నా, మీరు అన్ని సార్లు అడిగారని ఇవాళ స్మోక్ టెస్ట్ చేయించాను. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర ఏమీ లేదు. పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) మెడ దగ్గర సన్నగా పొగ వచ్చింది. గొట్టం ఆర్డర్ పెట్టాను. మార్చాక 6000 దగ్గర గేజ్ ఎంత చూపిస్తుందో ఇక్కడే రాస్తాను.